మాస్కులు తీసేశాం సరే, చలికాలం మాటేంటి? పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

ఈ డిసెంబర్ (2022) సంచిక కోసం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే అడుగుతున్నాయి, కోవిడ్ ఉందా పోయిందా అని. ఉందండి. కేంద్రం విపత్తు నిర్వహణ చట్టం కింద పెట్టిన ఆంక్షలకి మార్చి 31తో గడువు అయిపోయింది, నవంబర్ 16 నుంచి విమానంలో కూడా మాస్క్ తప్పనిసరి కాదు, అయినా ఒమిక్రాన్ నుంచి పుట్టిన వేరియంట్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఇదివరకు ఎవరేం చెయ్యాలో ప్రభుత్వం చెప్పేది, ఇప్పుడు మనింట్లో ఎవరున్నారో చూసుకుని మనమే నిర్ణయించుకోవాలి. ఈ జవాబులన్నీ ఆ లెక్కలోనే రాశాను.

ప్రశ్న: మా అత్తగారికి 71 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. 2021లో కోవాగ్జిన్ రెండు డోసులు వేయించాం, బూస్టర్ మాత్రం వేయించలేదు. డిసెంబర్ ఆఖర్లో మా అమ్మాయి పెళ్లి, ఆరేడు వందల మంది వస్తారు. ఇంకా కరోనా ఏంటి అని ఇంట్లో అందరూ కొట్టిపారేస్తున్నారు. బూస్టర్ అవసరమా? హాల్లో ఆవిడ విషయంలో ఏం జాగ్రత్త తీసుకోవాలి?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అవసరమే అమ్మా, ఈ వారంలోనే వేయించండి. టీకా రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, మీ అత్తగారికి వేసి ఏడాది దాటిపోయింది, పైగా వయసు, షుగరు. మూడో డోసు వేసుకుంటే కోవిడ్ అసలు రాదని నేను చెప్పను, వచ్చినా ఐసీయూ దాకా వెళ్లే ముప్పు బాగా తగ్గుతుంది, మనకి కావాల్సింది అదే. రెండో డోసు అయి 6 నెలలు దాటితే చాలు. మళ్లీ కోవాగ్జినే వేయించొచ్చు, లేదంటే హైదరాబాద్ బయోలాజికల్ ఈ వాళ్ల కార్బెవాక్స్‌ని కూడా ఆగస్టు నుంచి బూస్టర్‌గా ఇస్తున్నారు. 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకి ఫ్రీగా వేసిన 75 రోజుల గడువు సెప్టెంబర్ 30తో అయిపోయింది గానీ 60 దాటినవాళ్లకి గవర్నమెంట్ సెంటర్లలో ఈ డిసెంబర్ (2022) నాటికి ఫ్రీయే. వేయించుకునేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి పీహెచ్‌సీలో ఏ రోజు వేస్తున్నారో, స్టాక్ ఉందో లేదో ఏఎన్ఎంని గానీ ఆశా వర్కర్‌ని గానీ ముందే కనుక్కుని తీసుకెళ్లండి, పెద్దావిణ్ణి రెండుసార్లు తిప్పొద్దు. సూది పడ్డాక రక్షణ పూర్తిగా రావడానికి రెండు వారాలు పడుతుంది, అందుకే ఆలస్యం చెయ్యొద్దంటున్నాను.

ఇక హాల్ సంగతి. మన ఫంక్షన్ హాళ్లలో ఏసీ వేసి తలుపులన్నీ బిగించేస్తారు, అందరూ వదిలిన గాలే అందరూ గంటల తరబడి పీలుస్తుంటారు. దానికంటే నన్ను భయపెట్టేది ఇంకోటుంది. పెళ్లికూతురు నాయనమ్మ కదా, వచ్చినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు ఆవిడ కాళ్లకి దండం పెట్టి, ఆవిడకి సరిగ్గా వినపడదేమోనని మొహం దగ్గర మొహం పెట్టి గట్టిగా "బాగున్నారా పెద్దమ్మా" అంటారు, మేళం మోగుతుంటే ఇంకా గట్టిగా అంటారు, వైరస్ అంటుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. ఆవిణ్ణి స్టేజీ ముందు మధ్య కుర్చీలో కాకుండా గాలి వచ్చే తలుపు పక్కన కూర్చోబెట్టండి, ముక్కు మీద సరిగ్గా నిలిచే ఎన్95 పెట్టండి, పక్కన ఒక మనవణ్ణో మనవరాలినో ఉంచి దండాలు కాస్త దూరం నుంచే పెట్టించండి. భోజనం మొదటి బంతిలోనే పెట్టించేయండి, తినేటప్పుడు మాస్క్ ఉండదు కాబట్టి రద్దీ లేనప్పుడు తినెయ్యాలి. ముహూర్తం చూసి, అక్షతలు వేసి, ఫోటో దిగి ఇంటికెళ్లిపోతే ఆవిడకి లోటేమీ ఉండదు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు రావొద్దని ముందే పెట్టండి, ఒకరిద్దరు ఏమన్నా అనుకున్నా పర్లేదు.

ఫ్లూ టీకా కూడా అడగండి. మన దేశంలో ఫ్లూ వానల చివర ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి పెరుగుతుంది, షుగరున్న పెద్దవాళ్లకి అది కూడా తక్కువదేం కాదు.

ప్రశ్న: రెండు రోజులుగా గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, 101 జ్వరం. ఇంట్లో కిట్‌తో చూసుకుంటే నెగెటివ్. మెడికల్ షాపులో చెప్తే అజిత్రోమైసిన్, ఇంకేదో చిన్న తెల్ల మాత్ర, విటమిన్లు కలిపి ఐదు రోజులకి ఇచ్చాడు. వాడొచ్చా? నాకు 34, షుగరు లేదు.
– విజయవాడ నుంచి ఓ పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ముందు ఆ చిన్న తెల్ల మాత్ర స్ట్రిప్ వెనక ఏం రాసుందో చదవండి. డెక్సామెథసోన్ అనో, ప్రెడ్నిసొలోన్ అనో, మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్, వేసుకోవద్దు. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి అది ప్రాణం నిలబెట్టే మందు, 2020లో బ్రిటన్‌లో రికవరీ అనే పేరుతో జరిగిన పెద్ద మందుల పరీక్ష (ట్రయల్) తేల్చింది అదే, కానీ అదే ట్రయల్‌లో ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి దానివల్ల లాభమేమీ కనపడలేదు. మొదటి రోజుల్లోనే వేసుకుంటే వైరస్‌తో పోరాడాల్సిన శక్తిని మనమే తగ్గించుకున్నట్టు అవుతుంది. 2021 మే, జూన్‌లో బ్లాక్ ఫంగస్ వచ్చి కళ్లు పోగొట్టుకున్నవాళ్లని చూశాం, షుగరు అదుపులో లేకపోవడం, అడ్డదిడ్డంగా స్టెరాయిడ్లు వాడటం రెండూ కలిసి చేసిన పని అది, దాన్ని మర్చిపోతే ఎలా?

అజిత్రోమైసిన్ కూడా వద్దు. అది బాక్టీరియా మందు, కోవిడ్‌లో పనిచెయ్యదని పెద్ద ట్రయల్స్‌లో తేలిపోయింది. హైడ్రాక్సీక్లోరోక్విన్, ఐవర్‌మెక్టిన్‌లని కూడా మన జాతీయ మార్గదర్శకాల నుంచి 2021 సెప్టెంబర్‌లోనే తీసేశారు. జ్వరానికి పారాసిటమాల్, మజ్జిగ, జావ, నీళ్లు, విశ్రాంతి, మీ వయసుకి చాలాసార్లు ఇంతే సరిపోతుంది.

కిట్ మొదటి ఒకటి రెండు రోజుల్లో నెగెటివ్ చూపించడం మామూలే. 48 గంటలాగి మళ్లీ చేసుకోండి, లేదా ఆర్‌టీపీసీఆర్‌కి ఇవ్వండి. ఈలోపు పాజిటివ్ అనుకునే వేరే గదిలో ఉండండి. పల్స్ ఆక్సీమీటర్ ఉంటే రోజుకి మూడు నాలుగుసార్లు చూసుకోండి, అయితే చలికాలంలో వేళ్లు చల్లబడి ఉంటే నంబర్ తక్కువ చూపిస్తుంది, పొద్దున్నే 91 చూసి హడలిపోయి వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. చేతులు రుద్ది వెచ్చబెట్టుకుని, గోళ్లరంగు ఉంటే తీసేసి, ఐదు నిమిషాలు కూర్చున్నాక పెట్టుకుని అంకె కదలకుండా నిలబడేదాకా చూడండి. అలా చూసినా 93 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే, లేదా కూర్చుని ఉన్నా ఆయాసం వస్తుంటే, ఛాతీలో నొక్కేసినట్టుంటే, మనిషి మత్తుగా ఉంటే వెంటనే ఆస్పత్రికి. ఐదు రోజులు దాటినా గట్టి జ్వరం, దగ్గు తగ్గకపోతే కూడా చూపించుకోండి.

ప్రశ్న: నాకు 58. పాతికేళ్లు సిగరెట్ తాగి మానేశాను, ఇన్‌హేలర్ వాడుతున్నాను. రెండేళ్లుగా ఆంక్షల వల్ల శబరిమల వెళ్లలేదు, ఈసారి మాల వేసుకున్నాను. వెళ్లొచ్చా?
– కర్నూలు నుంచి ఓ స్వామి

జవాబు: వెళ్లండి స్వామీ, కానీ ముందు మీ డాక్టర్‌కి చూపించుకుని, బూస్టర్ వేయించుకుని వెళ్లండి. ఈసారి జనం బాగా ఉంటారు. పంప నుంచి సన్నిధానం దాకా ఎక్కుడు, ఇన్‌హేలర్ బ్యాగులో కాదు చేతికందేట్టు ఉండాలి, ఆయాసం వస్తే ఆగిపోవాలి. క్యూలో, వ్యాన్‌లో మాస్క్ పెట్టుకోండి, వ్యాన్ అద్దాలు కొంచెమైనా తీసి ఉంచండి. చన్నీళ్ల స్నానం వల్ల కోవిడ్ రాదు గానీ మీలాంటి ఊపిరితిత్తులకి తెల్లవారుజామున చన్నీళ్లు, చల్లగాలి పడవు, గురుస్వామికి చెప్పి గోరువెచ్చని నీళ్లు పోసుకోండి.

ప్రశ్న: గవర్నమెంట్ స్కూల్లో టీచర్ని. గదికి యాభై మంది పైనే పిల్లలు, పొద్దున చలికి తలుపులు, కిటికీలు మూసేయమంటారు, తెరిస్తే వణుకుతారు. క్లాసులో సగం మంది దగ్గుతున్నారు. ఏం చెయ్యాలి?
– ఆదిలాబాద్ నుంచి ఓ ఉపాధ్యాయురాలు

జవాబు: మీ జిల్లా చలి నాకు తెలుసు టీచర్ గారూ, కిటికీలన్నీ బార్లా తీసి పిల్లల్ని గడ్డకట్టించమని చెప్పను. పైన వెంటిలేటర్లు ఉంటే వాటికి అడ్డం పెట్టిన అట్టముక్కలు, గోనెలు తీయించండి, వెచ్చని గాలి పైకి లేస్తుంది కాబట్టి అక్కడి నుంచి బయటికి పోతుంది. పిల్లలకి చలిగాలి నేరుగా తగలని వైపు ఒక కిటికీ జానెడు తెరిచి ఉంచండి, పీరియడ్ మారినప్పుడల్లా ఐదు నిమిషాలు తలుపు మొత్తం తీయండి. వీలైతే పొద్దున మొదటి పీరియడ్ ఎండలో చెట్టు కింద పెట్టండి, చదవడం, ఎక్కాలు అప్పజెప్పించడం లాంటి గట్టిగా అరిచే పనులన్నీ బయటే చేయించండి, గట్టిగా మాట్లాడినకొద్దీ నోట్లోంచి తుంపరలు ఎక్కువొస్తాయి.

నేను గట్టిగా చెప్పేది హాజరు గురించి. నెలంతా వచ్చిన పిల్లలకి బహుమతి ఇచ్చే అలవాటు మీ స్కూల్లో ఉంటే ఈ మూడు నెలలు ఆపెయ్యండి, జ్వరంతో కూడా వచ్చేస్తారు. జ్వరమొచ్చిన పిల్లాడి వల్ల మీకంటే, తోటి పిల్లలకంటే వాడి ఇంట్లో ముసలమ్మకే ఎక్కువ ప్రమాదం. 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకి కార్బెవాక్స్, 15 దాటినవాళ్లకి కోవాగ్జిన్ ఈ ఏడాదే మొదలయ్యాయి, రెండో డోసు వేయించుకోని పిల్లలు ఎవరో కనుక్కుని తల్లిదండ్రులకి చెప్పండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. రాజమండ్రి నుంచి అమ్మానాన్న డిసెంబర్‌లో వస్తున్నారు, నాన్నకి 68, స్టెంట్ వేశారు. ఇక్కడ చలికి ఇల్లంతా మూసి హీటర్ వేసుకుని ఉంటాం, పిల్లలు డేకేర్ నుంచి ఏదో ఒకటి తెస్తూనే ఉంటారు. ఏం తెచ్చుకోమని చెప్పాలి?
– ఓ పాఠకురాలు, అమెరికా

జవాబు: అమ్మా, విమానం ఎక్కే ముందు టెస్ట్ చేయించుకోవాలన్న రూల్ అమెరికా 2022 జూన్ 12న తీసేసింది, కానీ విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లకి రెండు డోసుల సర్టిఫికెట్ ఈ డిసెంబర్ (2022)లో ఇంకా అడుగుతున్నారు (2023 మేలో ఈ రూల్ కూడా ఎత్తేశారు), కోవిషీల్డ్, కోవాగ్జిన్ రెండూ చెల్లుతాయి. కోవిన్ సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన సంవత్సరం పాస్‌పోర్టుతో కలుస్తున్నాయో లేదో ఇప్పుడే చూసుకోమనండి. ఎన్95లు ప్రయాణమంతటికీ సరిపడా పెట్టుకోమనండి, తప్పనిసరి కాకపోయినా సరే.

అన్నిటికంటే ముఖ్యం మీ నాన్నగారి మందుల చీటీ. మన బ్రాండ్ పేర్లు అక్కడి డాక్టర్లకి తెలియవు, అందుకే ప్రతి మందుకీ లోపలున్న అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాయించుకుని రమ్మనండి, కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ రిపోర్టు కూడా. ఎందుకంటే అక్కడ కోవిడ్ వస్తే పెద్దవాళ్లకి పాక్స్‌లోవిడ్ ఇస్తారు, లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపే మొదలుపెట్టాలి, మంచి మందే, కానీ స్టెంట్ ఉన్నవాళ్లు వాడే రక్తం పలచబడే మందుల్లో కొన్నిటితో, కొలెస్ట్రాల్ మాత్రలతో, కొన్ని బీపీ మాత్రలతో పడదు. ఏది ఆపాలి, ఏది తగ్గించాలి అనేది డాక్టరే చెప్పాలి, చీటీ చేతిలో ఉంటే ఆ నిర్ణయం గంటలో అయిపోతుంది, లేకపోతే అర్ధరాత్రి మీరు ఇండియాకి ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. స్టెంట్ మాత్ర మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఇంట్లో హీటింగ్ సిస్టమ్‌కి మెర్వ్ 13 రకం (సన్నటి కణాల్ని కూడా ఆపే) ఫిల్టర్ పట్టేట్టయితే అది వేయించండి, వాళ్లు పడుకునే గదిలో హెపా ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టండి. పిల్లాడికి జ్వరమొస్తే ఆ నాలుగు రోజులు తాత పక్కన పడుకోబెట్టొద్దు, ఇద్దరికీ కష్టమే, తెలుసు.

ప్రశ్న: జనవరిలో కోవిడ్ వచ్చి వారంలో తగ్గింది. అప్పటి నుంచి అలసట పోలేదు, మేడ మెట్లు ఎక్కితే గుండె దడ, ఏదైనా గుర్తుపెట్టుకోవాలంటే కష్టంగా ఉంది. మావారు బద్ధకం అంటున్నారు. నాకు 41.
– ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: బద్ధకం కాదమ్మా. కోవిడ్ మొదలైన మూడు నెలల తర్వాత కూడా ఇలాంటి లక్షణాలు ఉండి, కనీసం రెండు నెలలు సాగి, వేరే కారణమేదీ దొరక్కపోతే దాన్ని దీర్ఘ కోవిడ్ అంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది, తేలిగ్గా వచ్చిపోయినవాళ్లకి కూడా ఇది ఉంటుంది. అయితే వేరే కారణం ఉందేమో ముందు చూడాలి, మన ఆడవాళ్లలో రక్తం తక్కువగా ఉండటం, థైరాయిడ్ చాలా ఎక్కువ, రెండూ ఇలాగే అలసట, దడ తెస్తాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు, బీ12, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోండి.

అన్నీ బాగుంటే పనిని ముక్కలు చేసుకోండి. ఒంట్లో బాగున్న రోజు మిగిలిపోయిన పనులన్నీ ఒకేసారి చేసేసి తర్వాత మూడు రోజులు మంచం పట్టేవాళ్లే ఎక్కువ, అలా చెయ్యొద్దు. వంట చేసిన రోజు బట్టలు ఉతకొద్దు, కూర్చుని కూరలు తరగండి, అలసట రాకముందే ఆగండి. మీవారు ఈ పేజీ చదువుతుంటే ఆయనకి ఒక మాట, పొద్దున వంటింట్లో ఒక గంట పని మీరు తీసుకుంటే ఆవిడకి ఏ టానిక్ కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది సార్.

ప్రశ్న: బట్టల షాపులో సేల్స్‌లో పనిచేస్తాను. పాజిటివ్ వచ్చింది, జ్వరం పెద్దగా లేదు. ఓనర్ రూల్స్ లేవు కదా రమ్మంటున్నాడు, రాకపోతే జీతం కట్. ఇంట్లో ఆరు నెలల పాప ఉంది.
– పేరు రాయొద్దన్నారు, వరంగల్

జవాబు: పాజిటివ్ వచ్చిన రోజు నుంచి 7 రోజులు ఇంట్లో ఉండాలి, చివరి మూడు రోజులు జ్వరం ఉండకూడదు, 2022 ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్నది ఇదే. మీ డాక్టర్ దగ్గర ఈ మాటే చీటీ మీద రాయించి ఓనర్‌కి పంపండి, నోటితో చెప్పినదానికంటే కాగితానికి విలువెక్కువ. ఈఎస్ఐ కట్ అవుతుంటే సిక్‌నెస్ బెనిఫిట్ కింద ఏం వస్తుందో డిస్పెన్సరీలో అడగండి. ఏ దారీ లేక వెళ్లాల్సే వస్తే ఎన్95 ముక్కు మీద నుంచి దించకుండా ఉండండి, స్టాక్ గదిలో అందరితో కలిసి తినొద్దు, బయట విడిగా తినండి, ముసలివాళ్లు, గర్భిణులు వస్తే వేరేవాళ్లకి అప్పగించండి.

పాప విషయంలో, మీరు తల్లైతే పాలివ్వడం మానొద్దు, చేతులు కడుక్కుని మాస్క్ పెట్టుకుని ఇవ్వండి, తండ్రైతే ఈ 7 రోజులు వేరే గదిలో పడుకోండి. పాప పాలు తాగడం తగ్గించినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఆ పూటే పిల్లల డాక్టర్‌కి చూపించండి.