రేడియో స్టేషన్ కొంటానంటున్న మా అక్క కొడుక్కి

చి. నానికి పిన్ని ఆశీస్సులు.

నువ్వు పంపిన బ్రోకరు కాగితాలు పూర్తిగా చదివాను. ఒక ఎఫ్‌ఎం, ఒక ఏఎం, ఆ ఏఎంకి తోడుగా ఒక ట్రాన్స్‌లేటరు (అదే ప్రసారాన్ని ఎఫ్‌ఎంలో కూడా వినిపించే చిన్న ట్రాన్స్‌మిటరు), ఊరి బయట టవరు, మెయిన్ స్ట్రీట్‌లో ఆఫీసు. ఫొటోలు బావున్నాయి. అమ్మేవాళ్ళ ఫొటోలు ఎప్పుడూ బావుంటాయి. ధర సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఇది చెప్పు: కలిసి కొంటున్న మీ నలుగురు స్నేహితుల్లో ఆ ఊళ్ళో కాపురం పెట్టేదెవరు?

డాలస్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ నెలకోసారి కారేసుకుని వెళ్ళొస్తామంటే ఈ ఉత్తరం ఇక్కడే మడిచి పెట్టెయ్. చట్టం అడ్డు చెప్పదు. స్టూడియో ఆ ఊళ్ళోనే ఉండాలన్న నిబంధనని 2017లోనే ఎత్తేశారు, కంప్యూటర్ మీద రోజంతా పాటలు వాటంతటవే నడుస్తాయి. కానీ డబ్బులు వాటంతటవి రావు. మీ బాబాయి ఇక్కడి హాస్పిటల్లో ఉద్యోగంలో చేరాక నేను ఊళ్ళో స్టేషన్లో ట్రాఫిక్ డెస్క్‌లో చేరాను కదా, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఏ వాణిజ్య ప్రకటన ఎన్నింటికి పడాలో లాగ్ రాయడం, నెలాఖరుకి బిల్లులు పంపడం, కట్టనివాళ్ళకి ఫోన్ చెయ్యడం. టెక్సస్‌లో చిన్న ఊరి రేడియోకి డబ్బులు ఎవరిస్తారో ఆ బిల్లుల్లోనే చూశాను. ఫోర్డ్ డీలరు, ఊరి బ్యాంకు, హాస్పిటల్, ట్రాక్టర్లమ్మేవాళ్ళు, ఫ్యూనరల్ హోమ్. శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటకి ఊళ్ళో దుకాణాలన్నీ తలా కాస్త వేసుకుంటాయి. వీళ్ళెవరూ రేటింగులు చూసి ప్రకటన ఇవ్వరు. సేల్స్ ఆయన ప్రతి మంగళవారం వచ్చి కాఫీ తాగుతాడు, అతని కొడుకు వాళ్ళబ్బాయితో ఒకే టీంలో ఆడతాడు, అందుకిస్తారు. ఆయన మానేసి పక్క ఊరికి పోతే, ఆర్నెల్లలో ఆ ఖాతాల్లో సగం ఆయన వెనకే పోతాయి. నువ్వు కొనేది టవరు కాదు నానీ, ఆ పరిచయాల్ని. వాటిని ఎవరు నిలబెడతారో తేలాకే మిగతాది.

ఇంకో సంగతి, నీకు కష్టంగా ఉన్నా చెప్పాలి. మీ నలుగురిలో ఇద్దరికి గ్రీన్‌కార్డే కదా ఉంది? రేడియో లైసెన్సు విషయంలో గ్రీన్‌కార్డు ఉన్నా విదేశీయుడి కిందే లెక్క. లైసెన్సు ఉన్న కంపెనీలో పౌరులు కానివాళ్ళ వాటా నేరుగా 20 శాతం దాటకూడదు. పైన ఇంకో కంపెనీ పెట్టి దాని ద్వారా అయితే 25 శాతం దాకా. అంతకు మించాలంటే రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ దగ్గర ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. 2017లో ఒక ఆస్ట్రేలియా దంపతులకి అలాస్కా, టెక్సస్, ఆర్కన్సాల్లోని స్టేషన్ల మీద నూరు శాతం ఇచ్చారు కూడా, అసాధ్యమేం కాదు. కానీ దానికయ్యే లాయరు ఖర్చూ, పట్టే కాలమూ మీ స్థాయి బేరానికి తగవు. డబ్బు ఎంత పెట్టారన్నదే కాదు, ఓటు ఎవరి చేతిలో ఉందన్నదీ చూస్తారు. స్నేహితులు కదా అని నోటిమాటగా సమాన వాటాలు అనుకుని, కాగితం మీద వేరేగా రాయకండి. సిటిజన్‌షిప్ ఉన్న మీ ఇద్దరే యజమానులుగా ఉండి, మిగతా ఇద్దరూ ఆ హద్దులోపల ఉండేలా వాషింగ్టన్‌లో కమ్యూనికేషన్స్ లాయరు చేత రాయించుకోండి. మీ ఇంటి రిజిస్ట్రేషన్ చూసిన లాయరు ఈ పనికి చాలడు.

"పెద్ద పెద్ద కంపెనీలే దివాలా తీశాయి, అందుకే చవగ్గా వస్తున్నాయి పిన్నీ" అన్నావు. అవెందుకు తీశాయో తెలుసుకోకుండా ఆ చవక నీకేం లాభం? 1996 దాకా ఒక కంపెనీకి దేశం మొత్తం మీద ఇరవై ఏఎంలు, ఇరవై ఎఫ్‌ఎంలు మించి ఉండకూడదు. ఆ ఏడు ఫిబ్రవరిలో క్లింటన్ సంతకం పెట్టిన టెలికమ్యూనికేషన్స్ చట్టం ఆ హద్దు తీసేసింది. ఒక్కో మార్కెట్‌లో ఎన్ని అనేది మాత్రం ఉంచారు: 45 స్టేషన్లు పైబడ్డ పెద్ద నగరాల్లో ఎనిమిది, అందులో ఒకే రకంవి (ఏఎం గానీ ఎఫ్‌ఎం గానీ) అయిదు; పద్నాలుగో అంతకు తక్కువో స్టేషన్లున్న చిన్న ఊళ్ళల్లో అయిదు, అందులో ఒకే రకంవి మూడు, అదీ ఊళ్ళోని మొత్తంలో సగం దాటకుండా. ఇక అందరూ ఎగబడి కొన్నారు. శాన్ ఆంటోనియోలో మొదలైన క్లియర్ ఛానల్ చేతికి పన్నెండు వందలకు పైగా స్టేషన్లు వచ్చాయి. వార్షిక నగదు మిగులుకి, అంటే ఏడాదిలో నడిపే ఖర్చులు పోను మిగిలే డబ్బుకి, పదిహేను, ఇరవై రెట్లు పెట్టి కొన్న రోజులవి. ఆ ధరంతా అప్పు మీదే నడిచింది. 2008లో బెయిన్ కాపిటల్, థామస్ హెచ్. లీ అనే పెట్టుబడి సంస్థల వాళ్ళు అప్పు తెచ్చి క్లియర్ ఛానల్‌నే కొన్నారు, సరిగ్గా ఆర్థిక మాంద్యంలో. ఐహార్ట్‌మీడియా అని పేరు మార్చుకున్న ఆ కంపెనీయే 2018 మార్చిలో 2000 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా కోర్టుకెక్కింది. క్యుములస్ అనే ఇంకో రేడియో కంపెనీ అంతకు ముందు నవంబరులోనే ఎక్కింది. సీబీఎస్ రేడియోని కలుపుకున్న ఎంటర్‌కామ్, ఆడసీ అయ్యాక, 2024 జనవరిలో.

ప్రకటనలు గూగుల్‌కీ ఫేస్‌బుక్‌కీ పోయిన మాట నిజమే. అయినా ఈ కంపెనీల స్టేషన్లలో చాలావాటికి జీతాలూ కరెంటు బిల్లూ పోను ఎంతో కొంత మిగులుతూనే ఉంది. ఆ మిగిలింది వడ్డీకి చాలలేదు, అంతే. లాస్ ఏంజెలెస్‌లో 100.3 ఎఫ్‌ఎం చూడు. 2008లో 13 కోట్ల 75 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 2017లో అదే ఫ్రీక్వెన్సీ 5 కోట్ల 77 లక్షల చిల్లరకి పోయింది. కొన్నది కే-లవ్ అనే క్రైస్తవ పాటల రేడియో నడిపే ఎడ్యుకేషనల్ మీడియా ఫౌండేషన్, లాభాపేక్ష లేని క్రైస్తవ సంస్థ. ప్రకటనలమ్మి పెట్టుబడి రాబట్టుకోవాల్సిన అవసరం లేనివాళ్ళు రొక్కం పట్టుకుని వస్తే, మనబోటివాళ్ళు అక్కడ బేరమే ఆడలేరు. అందుకే పెద్ద నగరాల వైపు చూడొద్దంటాను.

కాబట్టి అప్పు తక్కువ చెయ్యి. బ్యాంకులు లైసెన్సుని తాకట్టు పెట్టుకోలేవు, ఎఫ్‌సీసీ ఒప్పుకోదు. దాన్ని అమ్మితే వచ్చే డబ్బు మీద మాత్రమే హక్కు రాయించుకోగలవు. అందుకని నీ ఇల్లూ, పిల్లల పేర పెట్టిన డబ్బూ హామీగా అడుగుతాయి. ఆ సంతకం పెట్టకు. చిన్న ఊళ్ళో అమ్మే ముసలాయన తరచుగా కొంత ఇప్పుడు తీసుకుని, మిగతాది అయిదారేళ్ళు వాయిదాల్లో తీసుకోడానికి ఒప్పుకుంటాడు. అలా ఒప్పుకుంటే అదొక మంచి సూచన, ఆ స్టేషన్ నడుస్తుందని ఆయనకే నమ్మకం ఉందన్నమాట. నగదు మిగులుకి నాలుగైదు రెట్లు దాటి అడిగితే, ఎందుకో ఆయన చేతే చెప్పించు.

ఆ మిగులు ఎలా లెక్కగట్టారో చూడు, నా బతుకంతా ఈ కాగితాలతోనే గడిచింది. బ్రోషర్లో పోయినేడు ఒక్కటే వేశాడు, అది ఎన్నికల సంవత్సరం. సరి సంవత్సరాల్లో రాజకీయ ప్రకటనలు వచ్చి పడతాయి, బేసి సంవత్సరంలో అవి ఉండవు. కనీసం నాలుగేళ్ళవి అడుగు, రెండేసి ఏళ్ళు కలిపి సగటు చూడు. ఇంకో మాట, ఆ ఎన్నికల డబ్బూ అనుకున్నంత ఉండదు. పార్టీలు అభ్యర్థుల్ని ఎంచుకునే ప్రైమరీకి ముందు 45 రోజులు, అసలు ఎన్నికకి ముందు 60 రోజులు అభ్యర్థులకి నీ అతి తక్కువ రేటే ఇవ్వాలి, అది చట్టం.

తర్వాత "ట్రేడ్" అన్న మాట కోసం వెతుకు. ప్రకటనకి బదులు రెస్టారెంట్ భోజనం కూపన్లో, కారు టైర్లో ఇస్తారు. పుస్తకాల్లో అదీ ఆదాయమే. దానితో కరెంటు బిల్లు కట్టలేవు. రావాల్సిన బాకీల్లో తొంభై రోజులు దాటినవెన్నో విడిగా అడుగు. మొత్తం ఆదాయంలో పై అయిదుగురు ఖాతాదార్లది ఎంతో అడుగు. పేర్లు చెప్పకపోయినా శాతాలు చెప్పాలి. సగం ఒక్క కార్ల డీలరే అయితే, ఆ డీలరుకి వయసెంత, వారసులున్నారా అన్నది నీ వ్యాపారంలో భాగమైపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం: పొద్దున్న షో ఎవరు చేస్తారు, ప్రకటనలు ఎవరమ్ముతారు, పుస్తకాలు ఎవరు రాస్తారు? చాలా ఊళ్ళల్లో మొదటి రెండూ యజమాని, మూడోది ఆయన భార్య. ఇద్దరూ జీతం తీసుకోరు. వాళ్ళు ఫ్లోరిడా వెళ్ళిపోయిన మర్నాడు నువ్వు ముగ్గురికి జీతాలివ్వాలి. బ్రోషర్లోని మిగులు అక్కడే ఆవిరవుతుంది. మా స్టేషన్ చేతులు మారినప్పుడు కొన్నవాళ్ళు ఈ ఒక్క ప్రశ్న అడగలేదు, రెండేళ్ళు తిరక్కుండా మళ్ళీ అమ్మకానికి పెట్టారు.

సాంకేతిక విషయాలు నాకు అరకొరగానే తెలుసు, మంచి ఇంజనీరుని పెట్టుకుని ఒక రోజు ఆ ఊళ్ళో తిప్పు. కానీ కొన్ని నువ్వే చూడొచ్చు. ఏఎంకి 5,000 వాట్లు అని పెద్ద అక్షరాల్లో వేశాడు, అది పగటి శక్తి. రాత్రి శక్తి ఎంతో లైసెన్సులో ఉంటుంది, చాలావాటికి చీకటి పడితే బాగా తగ్గించెయ్యాలి. డిసెంబరులో సూర్యుడు అయిదున్నరకే పోతాడు, జనం ఇళ్ళకి వెళ్ళే వేళకి నీ స్టేషన్ ఊరు దాటదు. శుక్రవారం ఫుట్‌బాల్ సంగతి చెప్పక్కర్లేదు. దానికోసమే ఆ ఎఫ్‌ఎం ట్రాన్స్‌లేటరు. అది 250 వాట్లకు మించదు, పైగా రెండో తరగతి హక్కు. అసలు ఎఫ్‌ఎం ఎవరైనా అడ్డమొస్తే ఇదే తప్పుకోవాలి. బోర్డు మీద ఎఫ్‌ఎం నంబరు చూసి రెండు ఎఫ్‌ఎంలు వస్తున్నాయనుకోకు. కొత్త ఎలక్ట్రిక్ కార్లు కొన్నిట్లో ఏఎం అసలు పట్టదు. ఫోర్డ్ 2023లో తీసేస్తామని చెప్పి, గొడవయ్యాక వెనక్కి తగ్గింది, టెస్లా తగ్గలేదు.

టవరు కింద భూమి ఎవరిదో తప్పకుండా కనుక్కో. పొలం కొనేవాడు కాలవ ఎవరి గట్టు మీదుగా వస్తుందో చూసినట్టు చూడు. లీజైతే ఇంకా ఎన్నేళ్ళుందో చూడు. అయిపోవస్తుంటే భూస్వామి చెప్పిందే అద్దె. సొంతమైతే ఒక్కోసారి స్టేషన్ కంటే భూమే ఖరీదు. వాషింగ్టన్ పక్కన బెథెస్డాలో డబ్ల్యూఎంఏఎల్ అనే రేడియో స్టేషన్ టవర్లున్న 75 ఎకరాలు ఇళ్ళు కట్టేవాళ్ళకి 7 కోట్ల 40 లక్షల డాలర్లకు పోయాయి.

ఎఫ్‌సీసీ వెబ్‌సైట్లో ప్రతి స్టేషన్ పబ్లిక్ ఫైలూ ఎవరైనా చూడొచ్చు. లైసెన్సు ఎనిమిదేళ్ళకోసారి రెన్యూ అవుతుంది, పాత జరిమానాలున్నాయా, ఊరి సమస్యల మీద వేసిన కార్యక్రమాల జాబితాలు మూడునెలలకోసారి పెట్టారా చూడు. మధ్యలో ఎప్పుడైనా ప్రసారం ఆపారేమో గట్టిగా అడుగు. వరసగా పన్నెండు నెలలు మూగబోతే లైసెన్సు దానంతటదే రద్దయిపోతుంది, తర్వాత నువ్వు కొనేది ఇనుమే. పాటల హక్కులకి అస్క్యాప్, బీఎంఐ, సెసాక్, జీఎంఆర్ అనే రాయల్టీ సంస్థలు నాలుగిటికీ కట్టాలి, ఆన్‌లైన్లో వినిపిస్తే సౌండ్ఎక్స్‌చేంజ్ అనే ఇంకో సంస్థకి కూడా. ఇవి బాకీ లేవని రాయించుకో. కంపెనీ వాటాలు కొనకు, ఆస్తులు మాత్రమే కొను. పాత బాకీలు ఆయన దగ్గరే ఉండనీ.

ఒప్పందమయ్యాక ఎఫ్‌సీసీకి దరఖాస్తు పెట్టాలి, అభ్యంతరాలకి ముప్ఫై రోజులు. వాళ్ళు సరే అన్నాక కూడా అది ఖాయమవడానికి నలభై రోజులు. తొందరపడి ముందే డబ్బులిచ్చెయ్యకు. ఈలోగా "నువ్వే నడుపుకో, నెలకింత ఇవ్వు" అని ఆయన అంటే మాత్రం ఒప్పుకో, ఊళ్ళోవాళ్ళు నిన్నెలా చూస్తారో తెలుస్తుంది. కాకపోతే అనుమతి వచ్చేదాకా స్టేషన్ మీద అధికారం ఆయనదే, నువ్వు యజమానిలా నడుచుకుంటే ఇద్దరికీ చిక్కు.

తెలుగు కార్యక్రమాలు పెట్టాలన్నది మీ అసలు కోరికేమో అని నాకో అనుమానం. అదైతే స్టేషన్ కొనక్కర్లేదు. డాలస్, హ్యూస్టన్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో మనవాళ్ళ రేడియోలు చాలామటుకు వేరేవాళ్ళ ఏఎం మీదో, ఎఫ్‌ఎంతో పాటు డిజిటల్‌గా వచ్చే హెచ్‌డీ ఉపఛానల్ మీదో గంటలు కొనుక్కుని నడుస్తున్నవే. అక్కడ మన దుకాణాలున్నాయి, ప్రకటనలొస్తాయి. మీరు కొంటానంటున్న ఊళ్ళో తెలుగిళ్ళు పది ఉంటే ఎక్కువ. అక్కడ పొద్దున్నే పత్తి ధర, చావు కబుర్లు, స్కూలు బస్సు ఆలస్యం, వాన ఎంత పడిందో చెప్పాలి. అవి చెప్పడం నీకిష్టమేనా? నాకు మహా ఇష్టంగా ఉండేది.

ఇప్పుడు చెయ్యాల్సింది: లెక్కలు బయటికి చెప్పనన్న ఒప్పందం మీద సంతకం పెట్టి నాలుగేళ్ళ లెక్కలు, బాకీల పట్టీ, టవరు లీజు తెప్పించు. నాకు పంపు, నేను కూర్చుని చూస్తాను, నాకిక్కడ వేరే పనేముంది. ఈలోగా మీ ఆవిణ్ణి తీసుకుని ఆ ఊరికి వెళ్ళి మూడు నాలుగు రోజులుండు. ట్రాక్టరు దుకాణంలో, బ్యాంకులో, కాఫీ హోటల్లో ఊరికే అడుగు, రేడియో వింటారా, పొద్దున్న మాట్లాడే ఆయన పేరేమిటి అని. పేరు చెప్పలేకపోతే బేరం వదిలెయ్. అక్కకి మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయి.

పిన్ని