పిల్లల గది గోడకు స్టిక్కర్లు నిలవకపోతే

కడపలోని మీ ఫ్లాట్‌లో పిల్లల గదికి అంటించిన బొమ్మల స్టిక్కర్లు వారానికే ఊడిపోవడానికి కారణం జిగురు కన్నా గోడపై మిగిలిన పుట్టీ (గోడను నునుపు చేసే పూత) పొడి అయి ఉండవచ్చు. గోడను అరచేతితో రుద్ది చూడండి. తెల్లటి పొడి అంటితే అదే కారణం.

1. వదులైన పొరను సాండ్‌పేపర్‌తో తీసేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: పొడిని తడిగుడ్డతో పూర్తిగా తుడిచి, గోడను బాగా ఆరనిచ్చి, ఆపై ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేయించాలి. ప్రైమర్ అవసరం లేదని పెయింటర్ చెప్పినా దయచేసి ఒప్పుకోవద్దు, ఎందుకంటే ప్రైమర్ లేని పుట్టీ మీద ఎంత ఖరీదైన ఎమల్షన్ (గోడ రంగు) వేసినా అది స్టిక్కర్‌తో పాటే పెచ్చులుగా లేచి వస్తుంది.

3. ఎమల్షన్ రెండు పూతలు వేశాక కనీసం 3 వారాలు ఆగండి.

4. మన ఎండలకు సాయంత్రం దాకా కాగే పడమటి గోడను మాత్రం వదిలేసి, ఉదయం పూట స్టిక్కర్లు అంటించండి.