గేజ్ ముల్లు చెప్పని సంగతులు

చిరంజీవికి ఆశీస్సులు.

వాక్యూమ్ లిఫ్టర్ మీద, అంటే రబ్బరు ప్యాడ్ల లోపలి గాలిని పంపుతో లాగేసి పలకల్నీ రేకుల్నీ పట్టి ఎత్తే యంత్రం మీద, పనికి కుదిరావని తెలిసింది. గేజ్ ముల్లు పచ్చ రంగులో ఉంటే చాలు, ఎత్తేయొచ్చని అక్కడ ఎవరో ఒకరు నీకు చెప్తారు. అది సగమే నిజం. ప్యాడ్ లోపల గాలి ఎంత తగ్గిందో ముల్లు చెప్తుంది. ప్యాడ్ దేన్ని పట్టుకుందో దానికేం తెలుసు?

బరువును మోసేది బయటి గాలి ఒత్తిడి. సముద్ర మట్టం దగ్గర అది చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ప్యాడ్ 60 శాతం వాక్యూమ్‌లో, అంటే లోపలి గాలిలో 60 శాతం లాగేసినప్పుడు, లెక్క ప్రకారం దాదాపు 190 కిలోలు పట్టాలి. పలక అడ్డంగా ఉన్నప్పుడు కనీసం రెండింతల భద్రత వదలాలి కాబట్టి 95 అనుకో. అదే పలకను నిలువుగా లేపావంటే బరువంతా రబ్బరుకూ పలకకూ మధ్య రాపిడి మీదే ఆగుతుంది. పొడి గ్లాసు మీదే పట్టు సుమారు సగానికి దిగుతుంది. తడో నూనో ఉంటే అందులోనూ చాలా భాగం పోతుంది. తమాషా ఏమిటంటే, తడి ఉంటే సీలు ఇంకా బాగా కూర్చుని ముల్లు ఇంకా ముచ్చటగా కనబడుతుంది, పలక మాత్రం మెల్లగా కిందికి జారుతుంటుంది. అందుకే ప్యాడ్ ఆనే చోటును పొడిగుడ్డతో తుడవకుండా ఎత్తకు. నేమ్‌ప్లేట్ మీద నిలువుకు వేరే అంకె ఉంటే అదే నీ హద్దు. వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊళ్లో పని పడితే గాలి ఒత్తిడి పదో వంతుకు పైగా తగ్గుతుందని కూడా గుర్తుంచుకో.

గ్లాసు మీద ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటే ప్యాడ్ పట్టేది ఫిల్మ్‌ని. అది ఊడిందా, గ్లాసు కిందే. నూనె రాసిన రేకులు రెండు అతుక్కుని లేస్తాయి, కిందిది మధ్యలో ఊడిపడుతుంది. లేపే ముందు ఒక మూల వేలితో విడదీసి చూడు. గరుకు రాయీ, కాంక్రీటూ గాలిని లోపలికి వదులుతూనే ఉంటాయి. వాటికి మెత్తటి ఫోమ్ సీలు, గాలిని ఎక్కువగా లాగే పంపు కావాలి.

రోజూ పని మొదలుపెట్టే ముందు ప్యాడ్ అంచు చుట్టూ వేలు పోనిచ్చి చూడు. గాటు, పగులు, ఇరుక్కున్న రజను చూపు కంటే ముందు వేలికే తగులుతాయి. తర్వాత నున్నటి రేకు మీద వాక్యూమ్ పట్టించి, పైకెత్తకుండానే పంపు ఆపి 5 నిమిషాలు ముల్లును గమనించు. స్పష్టంగా పడిపోతుంటే ప్యాడ్ అంచు, గొట్టం అతుకులు, నాన్ రిటర్న్ వాల్వ్ (గాలిని వెనక్కి రానివ్వని కవాటం) వరసగా వెతుకు. అంచును కొద్దిగా ఎత్తి గాలి వదిలితే అలారం మోగాలి. మోగకపోతే ఆ రోజు ఆ యంత్రం పనికి రాదు, సూపర్‌వైజర్ ఎంత తొందరపెట్టినా సరే. ఫిల్టర్‌లో దుమ్ము నిండితే పంపు రొద చేస్తుంది కానీ లాగదు.

ఎత్తేటప్పుడు హుక్ సరిగ్గా బరువు మధ్య మీద ఉండాలి. పల్చటి రేకైతే ప్యాడ్లను దూరంగా జరిపి పెట్టు. లేకపోతే అంచులు కిందికి వంగి, ఆ వంపే ప్యాడ్‌ను ఒక పక్క నుంచి ఒలుస్తుంది. 5 సెంటీమీటర్లు లేపి ఆపు, అర నిమిషం ముల్లు చూడు, అప్పుడు కదులు. ఎంత కిందుగా తీసుకెళ్లగలిగితే అంత మేలు. ఊగకుండా పట్టుకోవడానికి తాడు వాడు, చేతులు కాదు. బరువు కింద ఎవరూ ఉండకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

కరెంటు పోతే ట్యాంకులో మిగిలిన వాక్యూమ్ కొద్ది నిమిషాలు కాపు కాస్తుంది. ఆ కాస్త సమయం జనాన్ని దూరం పంపి, బరువును దించడానికే. ఏ స్విచ్ ట్రిప్ అయిందో వెతకడానికి కాదు. దించడానికి వీలు లేకపోతే ఆ చోటుకు అడ్డం కట్టించు.

పలక పూర్తిగా ఆనాకే రిలీజ్ నొక్కు. నిలువు పలకనైతే ముందు స్టాండుకు కట్టాలి, తర్వాతే వదలాలి. సాయంత్రం ప్యాడ్లను సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టు. థిన్నర్, పెట్రోలు తగిలిస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. గట్టిపడిన ప్యాడ్‌ను వెంటనే మార్పించు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న