ముందు రేడియేషన్ తేదీ అడుగు

చిట్టితల్లీ,

క్యాన్సర్ ఆసుపత్రిలో పళ్ల డాక్టరుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఎక్స్‌రే, మత్తు ఇంజెక్షన్ గురించి నీకు చెప్పక్కర్లేదు. కానీ పన్ను తీసే ముందు రేడియేషన్ ఎప్పుడో అడుగు. పన్ను తీసిన రోజుకీ, రేడియేషన్ మొదలయ్యే రోజుకీ మధ్య కనీసం 14 రోజులు, వీలైతే 21 రోజులు ఉండాలి.

బుగ్గ క్యాన్సర్‌తో ఒక రైతు వచ్చాడు. కింది దవడలో పుచ్చిన దంతం తీశాను. ఎముక అంచు మొనదేలి ఉందని వేలికి తగిలింది. బయట పాతికమంది ఎదురుచూస్తున్నారు. మూసుకుపోతుందిలే అనుకుని, అంచు అరగదీయకుండా, కుట్టు వేయకుండా, దూది పెట్టి పంపేశాను. రేడియేషన్ ఎప్పుడని అడగనేలేదు. ఆరో రోజే మొదలుపెట్టారట.

ఏడాదిన్నరకి మళ్లీ వచ్చాడు. నోట్లో రెండు వేళ్లు కూడా పట్టడం లేదు. పన్ను తీసిన చోట చిక్కుడు గింజంత ఎముక, గోధుమ రంగులో, చిగురు మధ్య బయటపడి ఉంది. రేడియేషన్‌తో ఎముకలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి, ఆ తర్వాత పుండు మానదు. కింది దవడకి రక్తం అందడం అసలే తక్కువ. చివరికి దవడలో కొంత కోసేశారు. "మీరేం చేస్తారు డాక్టరుగారూ, నా కర్మ" అన్నాడు. ఆయన కర్మ కాదు తల్లీ, ఆ రోజు నా తొందర.

అందుకే బయట ఎంతమంది ఉన్నా అంచు నున్నగా అయ్యేదాకా కుర్చీ దగ్గర్నుంచి కదలకు. చిగురు దగ్గరికి తెచ్చి కుట్టు. రేడియేషన్‌కి పంపేముందు మళ్లీ పిలిపించి చూడు. ఎముక కనిపిస్తే రేడియేషన్ డాక్టరుకి నువ్వే ఫోన్ చెయ్యి, చీటీ రాసి ఊరుకోకు. అలాగని గడ్డ పెరిగిపోతుంటే పన్ను కోసం వైద్యం ఆపమని పంతం పట్టకు. ఇద్దరూ మాట్లాడుకుని తేల్చండి. ఇంకో మాట. ఎన్నేళ్లు గడిచినా, రేడియేషన్ తీసుకున్నానని చెప్పకుండా ఎక్కడా పన్ను తీయించుకోవద్దని పేషెంటుకీ, ఇంట్లోవాళ్లకీ చెప్పు.

పనిలో పడి మధ్యాహ్నం అన్నం మానేస్తావు, నాకు తెలుసు. అలా చేశావంటే ఊరుకోను. మీ అత్త గోంగూర పచ్చడి సీసా పంపుతోంది. దాంతోపాటు ఎముక అంచు అరగదీసే నా పాత ఆకురాయి, బోన్ ఫైల్ కూడా పెట్టాను. పిడి అరిగింది కానీ, పదును పోలేదు.

మీ మామయ్య