లెవెల్ 9 పంపితే రౌటర్ల 13 ఎందుకొస్తుంది?

ప్రశ్న: అన్నా, పరకాల దగ్గర మా పత్తి చేను మోటార్ కోసం ప్రాజెక్ట్ చేస్తున్న. బావి కాడ బోర్డు ఒక్క బైట్ పంపుతది, సి లో బిట్‌ఫీల్డ్ (ఒక్కో ఫీల్డ్‌కి ఇన్ని బిట్లని పంచే) స్ట్రక్చర్ రాసిన: మోడ్‌కి 3 బిట్లు, మోటార్‌కి 1, నీళ్ల లెవెల్‌కి 4. లాప్‌టాప్‌ల లెవెల్ మంచిగనే వస్తుంది, పాత వైఫై రౌటర్ల ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి (రౌటర్ల కోసం చేసిన లినక్స్) వేసి అదే కోడ్ నడిపిస్తే మోడ్ 5 కాస్తా 4 అయితుంది, లెవెల్ 9 కాస్తా 13. బైట్ల వరుస మార్చే ఎన్‌టీఓహెచ్‌ఎల్ ఫంక్షన్ పెట్టినా మారలే. ఇంకోటి, మోటార్ ఆన్‌ల ఉన్నా 1 తోని పోలిస్తే లాప్‌టాప్‌ల కూడా ఫాల్సే వస్తుంది. (బీటెక్ స్టూడెంట్, హన్మకొండ)

జవాబు: తమ్మీ, నీ రౌటర్ మంచిగనే ఉంది, నీ లెక్క కూడా కరెక్టే, అసలు సంగతేందంటే బిట్‌ఫీల్డ్‌ల ఏ ఫీల్డ్ ఏ బిట్ కాడ కూసోవాలె అన్నది సి స్టాండర్డ్ చెప్పదు, కింది బిట్ నుంచి నింపాల్నా పై నుంచి నింపాల్నా అన్నది కంపైలర్‌కే వదిలేసింది. నీ బైట్‌నే చూడు. మోడ్ 5, మోటార్ 1, లెవెల్ 9 ని బోర్డు కింది నుంచి నింపింది, 10011101 అయింది, అంటే 157. ఆ రౌటర్ల ఉన్నది బిగ్ ఎండియన్ (పెద్ద బైట్‌ని ముందు పెట్టే) మిప్స్ రకం చిప్ అయ్యుంటది, అక్కడ కంపైలర్ పై నుంచి చదువుతది: 100 అంటే 4, తర్వాత 1, మిగిలిన 1101 అంటే 13. నీకొచ్చిన నంబర్లు అవే కదా!

ఎన్‌టీఓహెచ్‌ఎల్ బైట్ల వరుస మారుస్తది గానీ ఒక బైట్ లోపలి బిట్లను ముట్టుకోదు, పైగా బిగ్ ఎండియన్ మెషీన్ల అది ఏం చెయ్యదు. స్ట్రక్చర్‌ల ఖాళీలు తీసేసే ప్యాక్డ్ పెట్టినా ఈ బిట్ల వరుస మారదు. లినక్స్ కెర్నెల్‌ల ఐపీ హెడర్ చూడు, వెర్షన్‌కి 4 బిట్లు, హెడర్ పొడవుకి 4 బిట్లు, ఆ రెండిటినే ఎండియన్‌ని బట్టి రెండు వరుసల్ల రాసి, ఏది వాడాల్నో కంపైల్ అప్పుడే ఎంచే ఇఫ్‌డెఫ్ షరతు పెట్టిన్రు.

మోటార్ సంగతి వేరే. నువ్వు దాన్ని ఉత్త ఇంట్ అని రాసుంటవ్, బిట్‌ఫీల్డ్‌ల అది సైన్డా (మైనస్ నంబర్లు కూడా పట్టేదా) అన్‌సైన్డా అన్నది కూడా కంపైలర్ ఇష్టమే, జీసీసీ కంపైలర్ మామూలుగ సైన్డ్ అనుకుంటది, ఒక్క బిట్ సైన్డ్‌ల పట్టేది 0, -1 మాత్రమే, ఇగ 1 ఎక్కడిది? అన్‌సైన్డ్ అని రాయి.

నేనైతే వైర్ మీద పోయే డేటాకి, ఫైల్‌ల రాసే డేటాకి బిట్‌ఫీల్డ్ వాడొద్దనే చెప్త, ఒక ప్రోగ్రామ్ లోపలి ఫ్లాగులకైతే ఫర్వాలేదు. అక్కడ కూడా పక్కపక్క ఫీల్డులను ఒకటి ఇంటరప్ట్‌ల (నడిచే పనిని మధ్యల ఆపి వచ్చే కోడ్‌ల), ఒకటి మెయిన్‌ల రాస్తే ఒకదాని రాత ఇంకోటి చెరిపేయొచ్చు, ఎందుకంటే రెండూ ఉండేది ఒకే చోట.

అన్‌సైన్డ్ క్యారెక్టర్ ఒకటి తీసుకొని నువ్వే షిఫ్ట్ చెయ్యి. పంపేటప్పుడు మోటార్‌ని 3 బిట్లు, లెవెల్‌ని 4 బిట్లు ఎడమకి జరిపి మోడ్‌తోని ఆర్ చెయ్యి. తీసేటప్పుడు 7తోని యాండ్ చేస్తే మోడ్, 3 బిట్లు కుడికి జరిపి 1తోని యాండ్ చేస్తే మోటార్, 4 బిట్లు జరిపితే లెవెల్. ఏ మెషీన్ల అయినా ఇదే జవాబు. రౌటర్ల చేత్తోనే 157 ఇచ్చి 5, 1, 9 వస్తున్నయా చూసుకో, వచ్చినంకనే స్టార్టర్‌కి రిలే కలుపు, అప్పటిదాక బల్బు పెట్టి టెస్ట్ చెయ్యి.