కన్నంలో పట్టింది కదా అనుకోకు

చిన్నా,

నిన్న పొద్దున్న మీ అమ్మ ఫోన్ చేసింది. "వీడు అమెరికాలో, ఆ టెక్సస్ ఫ్రిస్కో ఇంట్లో 5 గిగ్గుల (సెకనుకి 5 గిగాబిట్ల) నెట్ పెట్టించుకుంటున్నాడటరా. రౌటర్ తనే కొంటాడట, వైర్లు తనే లాగుతాడట" అని. గొంతులో సగం గొప్ప, సగం "నువ్వైనా చెప్పు వాడికి" అన్న బెంగ. నాకూ అంతే. ముప్పయ్యేళ్లు ఫైబర్ డ్రమ్ముల వెంట తిరిగాను. మన ఇంట్లో ఇంకొకడు ఆ దారానికి చెయ్యి పెడుతున్నాడంటే, మీసం లేకపోయినా మెలేశాను. కానీ నువ్వు పంపిన రౌటర్ బొమ్మ పెద్దది చేసి చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

అన్నిటికన్నా ముందు ఇది. ఫైబర్ కొసలోకి గానీ, మాడ్యూల్ (పోర్టు కన్నంలో గుచ్చే, వెలుగుని పంపి అందుకునే చిన్న ముక్క) నోట్లోకి గానీ కన్ను పెట్టి చూడకు. ఆ వెలుగు కంటికి కనపడదు. కనపడదు కాబట్టి రెప్ప కూడా పడదు. "వస్తోందా లేదా" అని కొసని కంటి దగ్గరికి తీసుకెళ్లే కుర్రాళ్లని ఎంతమందిని చేతిమీద కొట్టానో లెక్కలేదు. దగ్గరుంటే నిన్నూ కొట్టేవాణ్ణే.

నెట్ కంపెనీ ఫైబర్‌ని వాళ్లు మీ ఇంట్లో పెట్టే డబ్బాలోనే ఉండనివ్వు. రౌటర్‌కి ఫైబర్ పోర్టు ఉంది కదా, నేరుగా గుచ్చేస్తానని రాశావు. కుదరదు. ఆ ఒక్క ఫైబర్‌ని స్ప్లిటర్ పెట్టి మీ వీధిలో చాలా ఇళ్లకి పంచుతారు. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో మీ ఇంట్లో డబ్బా, కంపెనీ ఎక్స్ఛేంజీలో ఉన్న యంత్రం కలిసి చూసుకుంటాయి. బజార్లో దొరికే మామూలు 10 గిగ్ మాడ్యూల్‌కి ఆ పద్ధతి తెలియదు. పైగా వాళ్ల కనెక్టర్ సాధారణంగా ఆకుపచ్చది, కొస 8 డిగ్రీలు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ ఏటవాలు లేని నీలం కనెక్టర్‌కి తగిలించావంటే వెలుగూ సరిగ్గా పోదు, కొసలూ పాడవుతాయి.

ఇక పోర్టు సంగతి. మాడ్యూళ్లు గుచ్చే కన్నాల్లో రకాలున్నాయి. ఎస్‌ఎఫ్‌పీ అంటే 1 గిగ్. ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ అంటే 10. ఎస్‌ఎఫ్‌పీ 28 అంటే 25. మూడింటికీ కన్నం ఒకటే కొలత. దేన్ని దేంట్లో పెట్టినా టక్కుమని కూర్చుంటుంది. ఆ టక్కే నన్ను ముంచింది.

2012 వానాకాలం. గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ. సర్వర్ గది నుంచి ల్యాబ్ బ్లాకుకి లింకు 1 నుంచి 10కి పెంచాలి. తెల్లారితే పిల్లలకి ఆన్‌లైన్ పరీక్ష. రెండు వైపులా ఉన్న స్విచ్‌లలో (కంప్యూటర్లని కలిపే డబ్బాలు) కొత్త 10 గిగ్ మాడ్యూళ్లు గుచ్చాను. లింకు రాలేదు. ఫైబర్ అతుకులు వేసే మా స్ప్లైసర్ పెద్దాయన వెలుగు కొలిచే పవర్ మీటర్ తీశాడు. ల్యాబ్ వైపు వెలుగు బలం మైనస్ 4 డీబీఎం వస్తోంది, బంగారంలా. సర్వర్ గదికి మాత్రం ఏమీ రావట్లేదు. "ఒక కోరు (కేబుల్లో ఒక ఫైబర్ పోగు) తెగింది" అన్నాను. ఆయన మారుమాట్లాడకుండా రెండు కోర్లూ అటుదిటూ ఇటుదటూ మార్చి మళ్లీ కొలిచాడు. మళ్లీ అదే. ల్యాబ్‌కి వస్తోంది, సర్వర్ గదికి రావట్లేదు. "కోరు తెగితే, మార్చినప్పుడు తప్పు ఇటు మారాలి కదండీ. ఫైబర్ బాగానే ఉంది. ల్యాబ్‌లో ఉన్న స్విచ్ డబ్బాయే వెలుగు పంపట్లేదు" అన్నాడు.

చదువుకున్నవాణ్ణి నేను కదా. "కొత్త మాడ్యూలు, కన్నంలో పట్టింది, ఎందుకు పంపదు? నీ పని నువ్వు చూసుకో" అని అందరి ముందూ కసిరాను. రాత్రి పదకొండింటికి, ఆ వానలో, క్యాంటీన్ వెనక జాయింటు గుంట ఆయన చేత తవ్వించాను. గొడుగు నేనే పట్టాను, ఆయనకి కాదు, జాయింటు పెట్టెకి. ఆయన పలుగు పక్కన పడేసి, చేతులు లుంగీకి తుడుచుకుని, మూత విప్పి చూపించాడు. ఒక్క స్ప్లైసు కూడా చెక్కుచెదరలేదు.

తెల్లవారుజామున ల్యాబ్ అటెండరు టీ తెచ్చి, స్విచ్ మీద టార్చి వేసి, "సార్, ఇక్కడ 1 జీ అని రాసుందేంటి?" అన్నాడు. ల్యాబ్ స్విచ్ పాతది. దానివి ఉత్త ఎస్‌ఎఫ్‌పీ పోర్టులు. నా మాడ్యూలు అందులో చక్కగా కూర్చుంది, స్విచ్ దాన్ని పట్టించుకోలేదు, అంతే. రెండు చివరలా పాత 1 గిగ్ మాడ్యూళ్లు తిరిగి పెట్టాం, లింకు వచ్చింది, పరీక్ష గట్టెక్కింది. ప్లస్ పోర్టు చాలావరకు 1 గిగ్ మాడ్యూల్‌ని పోనీలే అని రానిస్తుంది. ఉత్త పోర్టు 10 గిగ్ దాన్ని రానివ్వదు. రాగి తీగలైతే రెండు చివరలూ మాట్లాడుకుని తక్కువ వేగానికి సర్దుకుంటాయి. ఫైబర్ మాడ్యూళ్లకి ఆ సర్దుబాటు లేదు.

పెద్దాయనకి జ్వరం తగిలింది. మూడోరోజు బత్తాయిలు పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. నన్ను చూసి లేచి కూర్చుని, "గుంట పూడ్చారా సార్? పిల్లలు తిరిగే చోటు" అన్నాడు. పూడ్చలేదు. అట్నుంచి అటే వెళ్లి పూడ్పించాను.

నీ రౌటర్‌కి వద్దాం. అట్టపెట్టె మీద 10 గిగ్ అని పెద్దగా రాసుంది. అది ఒక్క పోర్టుకేరా. మిగతా నాలుగూ 1 గిగ్‌వి. అంటే బయటినుంచి 5 వచ్చినా, వాటికి తగిలించిన ఒక్కో కంప్యూటర్‌కి 940 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంది. సింహద్వారం పెట్టి లోపల అన్నీ కిటికీలు కట్టినట్టు. రెండోది, ప్లస్ పోర్టుల్లో చాలావాటికి 10 తెలుసు, 1 తెలుసు, మధ్యలో 2.5, 5 తెలియవు. అందుకని కంపెనీ డబ్బా వెనక రాగి పోర్టు 5దా 10దా ముందే అడుగు. 10ది అయితే మామూలు 10 గిగ్ రాగి మాడ్యూలు చాలు. 5ది అయితే రౌటర్‌తో 10లో, తీగతో 5లో మాట్లాడే రాగి మాడ్యూల్ కొనాలి. ఈ రెండిట్లో ఏ రాగి మాడ్యూలైనా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, పక్క కన్నం ఖాళీగా వదిలెయ్. నన్నడిగితే ఈ తంటా అంతా మాని, 10 గిగ్ రాగి పోర్టూ, లోపల వైపు 2.5 పోర్టులూ ఉన్న రౌటర్ చూసుకో. ఫైర్‌వాల్ (బయటి దాడుల్ని ఆపే కాపలా) ఆన్‌లో ఉంటే ఎంత మోస్తుందో దాని డేటాషీట్‌లో చూడు. పోర్టు 10 అయినంత మాత్రాన లోపలి ప్రాసెసర్ 10 మోయదు. తీగ 2.5కి క్యాట్ 5ఈ రకం చాలు, 10కి క్యాట్ 6ఏ రకం.

వైర్లు అటక మీంచే కదా లాగేది, ఇక దాని సంగతి. పోయినేడు మీ ఇంటికి వచ్చినప్పుడు గరాజులో మడత నిచ్చెన ఎక్కి తలపెట్టి చూశాను. మే నెలకే ఇటుకబట్టీలా ఉంది. జూలైలో మధ్యాహ్నం ఎక్కావో, నేనే విమానం ఎక్కి వచ్చి దింపుతాను. తెల్లారకముందే ఎక్కు. చెక్క దూలాల మీదే కాలు వెయ్యి. మధ్యలో వేడి ఆపే దూది కింద ఉన్నది ఉత్త జిప్సమ్ బోర్డు, నేరుగా పడగ్గదిలో తేలతావు. మీ ఆవిడని నిచ్చెన దగ్గర నిలబడమను. ఈ పేరా మీ అమ్మకి చదివి వినిపించకు.

నిజంగా మీ ఇద్దరికీ 5 గిగ్గులు ఎందుకురా? సెకనుకి 600 మెగాబైట్ల పైమాట. ఏం తోడుకుంటారు అంత? సరేలే, ఆ కాలేజీకి 10 ఎందుకో నాకూ అప్పుడు తెలియదు. పెట్టుకో.

ఆర్డర్ మాత్రం ఇంకా కొట్టకు. కంపెనీ డబ్బా వెనక వైపు, నువ్వు కొనదలచిన రౌటర్ వెనక వైపు, రెండిటి ఫొటోలూ పంపు. నీకు రాత్రి తొమ్మిదంటే నాకు పొద్దున్న ఏడున్నర, కాఫీ తాగుతూ చూస్తాను. పోయినసారిలా చీకట్లో తియ్యకు, పోర్టు పక్కన అక్షరాలు చదవగలగాలి.

మీ మామయ్య