మీరడిగారు: కునార్డ్ దొర ఓడలూ, ద్వీపంలో కౌలు రైతులూ

ప్రశ్న (కావలి నుంచి ఒక పాఠకుడు): అన్నా, టైటానిక్ మునిగినప్పుడు బతికినోళ్ళని ఎక్కించుకున్న కార్పాతియా ఓడ కునార్డ్ కంపెనీదంట కదా. ఆ కంపెనీ పెట్టినాయన లాయలిస్టుల కుటుంబం అని చదివా. ఎవరికి లాయల్ అబ్బా వీళ్ళు?

జవాబు: ఇంగ్లండు రాజుకి తమ్ముడూ. 1775లో అమెరికాలో యుద్ధం మొదలైనప్పుడు అందరూ వాషింగ్టన్ వెనకాల పోలేదు, మాకు రాజే కావాలి అన్నవాళ్ళూ బోలెడుమంది ఉన్నారు, 1783లో రాజు ఓడిపోయేసరికి వీళ్ళ బతుకులు వీధిన పడ్డాయి, ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకుని 30 వేల మందికి పైగా ఉత్తరాన ఇంకా బ్రిటిష్ వాళ్ళ చేతిలోనే ఉన్న నోవా స్కోషియా (ఇప్పటి కెనడాలో ఉంది) వైపు పడవలెక్కారు. అందులో ఫిలడెల్ఫియా వడ్రంగి అబ్రహాం కునార్డ్ ఒకడు. అక్కడి హాలిఫాక్స్ ఊళ్ళో సైన్యం వాళ్ళకి చెక్క పని చేసేవాడు. ఆయన కొడుకే కంపెనీ పెట్టిన మన సామ్యూల్, పుట్టింది 1787లో.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. 1773లో బ్రిటిష్ వాళ్ళ పన్ను మీద కోపంతో అమెరికా వాళ్ళు బోస్టన్ రేవులో సముద్రంలో పారబోసిన టీ ఎవరిది? ఈస్టిండియా కంపెనీది, మనల్ని ఏలిన ఆ కంపెనీదే. గొడవ ముదిరింది అక్కడే. యాభై ఏళ్ళు తిరిగేసరికి ఈ లాయలిస్టు వడ్రంగి కొడుకు హాలిఫాక్స్‌లో అదే కంపెనీ టీకి ఏజెంటు! చైనా నుంచి పెట్టెలు దిగడం, ఈయన వేలం వేయడం. టీతో పాటు కలప, తిమింగలాల వేట, టపా పడవలు, చెయ్యి పెట్టని యాపారం లేదు.

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి): సార్, అట్లాంటిక్ మీద మొదటి స్టీమరు నడిపింది ఈయనేనా? ఈయన ఇంజనీరా?

జవాబు: రెండూ కాదు నాయనా. 1838లోనే సిరియస్, గ్రేట్ వెస్టర్న్ అని రెండు స్టీమర్లు దాటేశాయి. కునార్డ్ తెలివి మిషన్లో లేదు, కాంట్రాక్టులో ఉంది. అదే ఏడు చివర్లో బ్రిటిష్ నేవీ ఆఫీసు వాళ్ళు అమెరికాకి టపా మోయడానికి టెండర్ పిలిచారు, ఆ కబురు హాలిఫాక్స్ చేరేటప్పటికే గడువు అయిపోయింది, ఇంకొకరైతే గమ్మున కూర్చునేవాళ్ళు, ఈయన మాత్రం 1839లో లండన్ పోయి తెలిసినోళ్ళ చేత చెప్పించుకుని ఏడాదికి 55 వేల పౌండ్లకి ఒప్పందం రాయించుకున్నాడు. టెండర్ వేసిన గ్రేట్ వెస్టర్న్ వాళ్ళకి ఒళ్ళు మండింది, ఆ గొడవ పార్లమెంటు దాకా పోయింది కూడా. రాజభక్తుల ఇంట పుట్టినందుకు దొరల దగ్గర చనువుండటం యాపారానికి ఎంత పనికొచ్చిందో నేను వేరే చెప్పాలా.

ఇంజన్లు గ్లాస్గోలో రాబర్ట్ నేపియర్ చేశాడు. మొదటి ఓడ బ్రిటానియా, చెక్క ఓడే, పక్కన పెద్ద తెడ్డు చక్రాలు. లివర్‌పూల్లో బయల్దేరింది 1840 జూలై 4న. అంటే అమెరికా వాళ్ళ స్వాతంత్ర్య దినం నాడు లాయలిస్టు కొడుకు ఓడ, అదీ బోస్టన్‌కే! తెరచాప పడవకి గాలి ఎదురైతే ఐదారు వారాలు పట్టేది, ఇది 12 రోజుల చిల్లరలో, దారిలో ఉన్న హాలిఫాక్స్ చేరింది. ఆ ఓడలో పాల కోసం ఒక ఆవుని కూడా ఎక్కించారు, ఫ్రిజ్జులు లేని కాలం మరి. ఒంగోలు ఆవు కాదులే, అంత అదృష్టం వాళ్ళకెక్కడిది.

స్పీడు కన్నా జాగ్రత్తే ముఖ్యం ఆయనకి. 1843లో కొలంబియా అనే ఓడ బండలకి కొట్టుకుని పోయింది, మనిషి ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు.

ప్రశ్న (వెంకటగిరి జమీ కింద ఉండిన ఊరి రైతు, నెల్లూరు జిల్లా): అయ్యా, ఆయన రాజకీయాల్లో కూడా ఉన్నాడంటారు. జనానికి ఏమన్నా చేశాడా?

జవాబు: పెద్దాయనా, మీకు ఈ కథ నాకన్నా బాగా అర్థమవుతుంది. 1830లో ఆయన్ని నోవా స్కోషియా కౌన్సిల్‌లో వేశారు. వేశారు అనే అన్నాను, గెలిచాడు అనలేదు. పన్నెండు మంది పెద్దమనుషులు, ఓట్లూ గీట్లూ ఏమీ లేవు, గవర్నరు పక్కన కూర్చుని వ్యవహారం నడపడమే. 1825లో వీళ్ళే కలిసి ఒక బ్యాంకు పెట్టుకున్నారు, ఆ బ్యాంకు భాగస్తులు కొందరు ఈ కౌన్సిల్లోనూ ఉన్నారు. మన రావు బహదూర్ల కాలం గుర్తొస్తోందా?

అసలు సంగతి పక్కనున్న ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో ఉంది. బ్రిటిష్ వాళ్ళు ఆ ద్వీపాన్ని 67 లాట్లుగా కోసి, లాటు 20 వేల ఎకరాల లెక్కన, 1767లో లండన్‌లో లాటరీ తీసి తమకి కావలసినోళ్ళకి పంచేశారు. వాళ్ళలో చాలామంది ఆ నేలని కంటితో కూడా చూడలేదు. అడవి కొట్టి, మొద్దులు పెరికి, పొలం చేసింది వలస వచ్చిన పేదోళ్ళు, శిస్తు మాత్రం దొరకి కట్టాలి. కౌలు కాగితం 999 ఏళ్ళకి రాసిచ్చేవాళ్ళు, అంటే మనవడి మనవడు కూడా కౌలుదారుడే! 1830ల నుంచి కునార్డ్ ఆ భూములు కొనుక్కుంటూ పోయాడు, చివరికి ద్వీపంలో ఆయన్ని మించిన భూస్వామి లేడు, 2 లక్షల ఎకరాలు దాటింది.

మన వెంకటగిరి రైతులు జమీందారీ మీద పోరాడారు, నెల్లూరులో 'జమీన్ రైతు' అని పత్రికే నడిచింది, 1948లో మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చి జమీలు రద్దు చేసింది. అక్కడ కూడా రైతులు గట్టిగానే అడిగారు. 1860లో కమిషన్ వేశారు, కౌలుదారులు భూమి కొనుక్కోవచ్చని అది తేల్చింది, దాన్ని ఒప్పుకోనివాళ్ళలో ముందు నిలబడింది కునార్డే, లండన్ ప్రభుత్వం భూస్వాముల మాటే విన్నది. నాకు ఆయన మీద ఉన్న గౌరవం సగం ఇక్కడే తగ్గింది, ఓడల్లో అంత జాగ్రత్త మనిషి పొలాల దగ్గర ఇట్లా ఎందుకున్నాడో.

1864లో రైతులు సంఘం కట్టి శిస్తు ఆపేశారు. మరుసటేడు ఏప్రిల్లో కునార్డ్ లండన్‌లో పోయాడు, అప్పటికి సర్ బిరుదు కూడా ఉంది, రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధానికి బ్రిటిష్ వాళ్ళకి ఓడలు ఇచ్చాడు కదా. అదే ఏడు రైతుల్ని అణచడానికి హాలిఫాక్స్ నుంచి సిపాయిల్ని దించారు. 1866లో వారసులు ఆ భూమంతా ద్వీపం ప్రభుత్వానికి అమ్మేసి చేతులు కడుక్కున్నారు. మిగతా భూస్వాముల దగ్గర బలవంతంగా కొనే చట్టం 1875లో వచ్చింది, లాటరీ తీసిన 108 ఏళ్ళకి.